తన్ను తాను ఏలుకొన్న రాణి - కెళది చెన్నమ్మ

రాజ్యమును ఏలుట కన్న తన్ను తాను ఏలుకొనుట కష్టము. మనస్సు చేతిలో నున్నవానికి కొద్దిపాటి బలమే కొండంత యగును. మనస్సు చేయి జారినవానికి కోటలు, ఏనుగులు, ధనాగారములు ఉండియు ప్రయోజనము లేదు. ఇంటి యజమానికైనను, మఠాధిపతికైనను, సింహాసనమెక్కిన రాజుకైనను ఇది ఒక్కటే న్యాయము. ఈ సత్యమునకు రెండు వైపులను ఒకే రాజగృహమున చూపిన చరిత్ర కెళది రాణి చెన్నమ్మాజీది. భర్త తన్ను తాను కోల్పోయి రాజ్యమును ఆపదపాలు చేసెను. భార్య తన్ను తాను నిలుపుకొని ఆ రాజ్యమును నిలిపెను.

చెన్నమ్మ యనగానే చాలమందికి 1824లో ఆంగ్లేయులతో పోరిన కిత్తూరు రాణి జ్ఞప్తికి వచ్చును. కెళది చెన్నమ్మ ఆమె కంటె నూటయేబది యేండ్లకు పైగా ముందు ఏలిన మరియొక వీరవనిత. ఇరువురును వీరశైవ రాజవంశముల కోడండ్రే.

నేటి కర్ణాటకములోని శివమొగ్గ జిల్లాలో కెళది యొక చిన్న గ్రామము. విజయనగర ప్రభువులకు సామంతులుగా అచట మొదలైన నాయక వంశము, కాలక్రమమున స్వతంత్రమై, ఇక్కేరిని, తరువాత బిదనూరును రాజధానులుగా చేసికొని, సహ్యాద్రి అడవుల నుండి పడమటి సముద్రతీరము వరకు ఏలెను. 1645 మొదలు 1660 వరకు పాలించిన శివప్ప నాయకుడు నేలసారమును బట్టి శిస్తు నిర్ణయించిన దక్షుడుగా నేటికిని కన్నడ దేశమున పేరు చెప్పుకొనబడుచున్నాడు. ఆ వంశమున 1664లో సింహాసనమెక్కినవాడు సోమశేఖర నాయకుడు.

చెన్నమ్మ రాజకన్య కాదు. సిద్ధప్పశెట్టి యను వర్తకుని కుమార్తె. కెళది రామేశ్వర దేవాలయపు ఉత్సవమున రాజు ఆమెను చూచి వలచెనని జనశ్రుతి. 1667లో వివాహమైనది. ఆమె రాజ్యతంత్రమును పుట్టింట నేర్చినది కాదు. మెట్టినింటికి వచ్చిన పిమ్మట, భర్త ప్రక్కన నుండి సభలో జరుగు విషయములను ఆలకించుచు, న్యాయాన్యాయములను విచారించుచు కొద్దికొద్దిగా అలవరచుకొన్నది. ఆనాడు ఆమెను ఎవరును దానికై నియమింపలేదు. అవసరము రాకముందే నేర్చుకొన్న విద్య అవసరము వచ్చినప్పుడు అక్కరకు వచ్చినది.

ఆ అవసరము త్వరలోనే వచ్చెను. సోమశేఖర నాయకుడు కళావతి యను నర్తకి మోహమున చిక్కి, ఆమె ఆప్తుడు భరమె మావుతుని చేతిలో కీలుబొమ్మయై, రాజభవనమును, రాజకార్యమును మరచెను. ఆరోగ్యము చెడెను, మతి చలించెను. ఆయనకు సంతానము లేదు. సింహాసనమునకు వారసుడు లేడని, రాజు స్వస్థుడు కాడని తెలిసిన బిజాపూరు సుల్తానులు ఇదే సమయమని సేనను కదిపిరి. కొలువులోని కొందరు తమ తమ వారిని దత్తునిగా చేయింపవలెనని పన్నాగములు సాగించిరి.

అట్టి స్థితిలో ఒక స్త్రీ ఎదుట రెండు మార్గములుండెను. దైవమును నిందించుచు అంతఃపురమున కన్నీరు కార్చుట యొకటి, బాధ్యతను తలకెత్తుకొనుట రెండవది. చెన్నమ్మ మొదట భర్తను మరల్చుటకు తాను చేయదగిన ప్రయత్నమెల్ల చేసెను. అది ఫలింపకపోగా, ఆయన మారువరకు రాజ్యమును ఆపి యుంచుట కుదరదని గ్రహించెను. దుఃఖము తనది, రాజ్యము ప్రజలది. ఈ రెంటిని వేరుచేసి చూడగలుగుటయే ఆమె చేసిన మొదటి నిర్ణయము.

బిజాపూరు సేన సమీపించినప్పుడు బిదనూరును నిలుపుకొను బలము తనకు లేదని ఆమె గుర్తించెను. రాజధానిని విడుచుట అవమానమని పట్టుపట్టినచో ధనాగారమును, సేనయు శత్రువుల పాలగును. కావున దట్టమైన అడవుల నడుమ కొండపై నున్న భువనగిరి దుర్గమునకు ఆమె తరలిపోయెను. నేడు తీర్థహళ్ళి తాలూకాలో కవలేదుర్గమని పిలువబడునది అదియే. బిదనూరు శత్రువుల వశమైనను రాజ్యము పోలేదు. ఈ కల్లోలములోనే, 1671లో, సోమశేఖర నాయకుడు హత్యకు గురియయ్యెను. వైధవ్యము, శత్రుభయము, ఇంటి ద్రోహము మూడును ఒక్కమారుగా మీదబడినవి.

చెన్నమ్మ చలింపలేదు. విశ్వాసపాత్రులైన దండనాయకులను కూడగట్టెను. ఇరుకు కనుమలు, అడవి దారులు ఎరిగిన మలెనాటి వీరులు శత్రుసేనను చీకాకుపరచి వెనుకకు త్రోసిరి. భువనగిరిలోనే ఆమెకు పట్టాభిషేకము జరిగెను. రాజును పొట్టబెట్టుకొన్న ద్రోహులకు శిక్ష, కష్టకాలమున తోడు నిలిచినవారికి సత్కారము లభించినవి. పిమ్మట బసవప్ప యను బాలుని దత్తత చేసికొని, అతని విద్యాబుద్ధులను తానే కనిపెట్టి చూచుచు, భావి పాలకునిగా తీర్చిదిద్దసాగెను.

తరువాతి ఇరువదియైదేండ్ల పాలన ఒక్క యుద్ధములతోనే గడువలేదు. పడమటి తీరపు రేవుల నుండి మిరియాలు, బియ్యము ఎగుమతి యగుచుండెను. 1678లో గోవా పోర్చుగీసువారితో ఆమె వర్తకపు ఒడంబడిక చేసికొనెను. మైసూరు ప్రభువు చిక్కదేవరాయలతో పోరులు, సంధులు రెండును నడచినవి. మఠములకు, దేవాలయములకు దానములు జరిగినవి. ఆమె పేరు నిలుపుకొన్న చెన్నగిరి పట్టణము నేటికిని కన్నడ దేశమున నున్నది.

ఆమె వివేకమునకు పెద్ద పరీక్ష 1689లో వచ్చెను. దక్షిణాపథమును జయింప వచ్చిన ఔరంగజేబు 1686లో బిజాపూరును, 1687లో గోలకొండను మ్రింగివేసెను. 1689 మార్చిలో శివాజీ కుమారుడు శంభాజీని పట్టి చంపించెను. శంభాజీ తమ్ముడు రాజారాముడు పందొమ్మిదేండ్ల యువకుడు. మొగలు సైన్యము వెంటాడుచుండగా కోట నుండి కోటకు తప్పించుకొని, తుదకు తమిళదేశమున నున్న జింజి దుర్గమునకు చేరవలెనని బయలుదేరెను. అతడును అతని అనుచరులును లింగాయతు యాత్రికుల వేషమున ప్రయాణించిరని మరాఠా కథనములు చెప్పుచున్నవి. ఆ దారిలో వారు బిదనూరు రాణి శరణు కోరిరి.

ఇది తేలికయైన విషయము కాదు. అప్పటికి ఆ చక్రవర్తి ముందు నిలిచిన సుల్తానులే లేరు. గోలకొండ వజ్రములు ఆ రాజ్యమును కాపాడలేదు. చిన్న మలెనాటి రాజ్యమెంత? ఆశ్రయమిచ్చినచో మొగలు సేన వచ్చి మీదబడునని మంత్రులు భయపడుటలో తప్పు లేదు. పైగా మరాఠులు కెళదికి ఎల్లప్పుడు మిత్రులు కారు. శివాజీ కాలమున వారి దాడులను కెళది సీమ చవిచూచియుండెను. పగ తీర్చుకొనుటకు ఇది అదనని తలపవచ్చును. పట్టియిచ్చి బహుమానము పొందవచ్చును. ఏమియు ఎరుగనట్లు సరిహద్దు నుండియే పంపివేయవచ్చును.

చెన్నమ్మ మంత్రుల అభిప్రాయములను ఆలకించెను గాని నిర్ణయభారమును వారిపైకి నెట్టలేదు. శరణన్నవానిని కాచుట రాజధర్మమని నిశ్చయించి, ఆశ్రయమిచ్చెను. అంతటితో ఆగక, ఆ యువకుడు తన సీమలో ఎక్కువకాలముండుట ఇరువురికిని అపాయమని యోచించి, నమ్మకమైన మనుష్యుల తోడుతో అడవి దారులను, నదులను దాటించి ముందుకు సాగనంపెను. ఆ యేటి చివరి మాసములలో రాజారాముడు జింజి చేరెను. మరాఠా రాజ్యము అచటి నుండి ఎనిమిదేండ్లు పోరాటము సాగింపగలిగెను.

ఔరంగజేబు ఆగ్రహించి సేనను పంపెను. కెళది వీరులు తమకు తెలిసిన అడవులలో, కనుమలలో ఆ సేనను ఎదుర్కొనిరి. కెళది రాజుల చరిత్రను చెప్పు లింగన్న కవి కన్నడ కావ్యము "కెళదినృపవిజయము" దీనిని రాణి విజయముగా వర్ణించుచున్నది. మరికొన్ని కథనములు కొంత ధనమిచ్చి సంధి చేసికొన్నదని చెప్పుచున్నవి. ఏది యెట్లున్నను రెండు విషయములు స్పష్టము. శరణాగతుడు పట్టుబడలేదు, కెళది రాజ్యము పోలేదు. మహారాజ్యములు కూలిన ఆ దశాబ్దమున ఈ చిన్న రాజ్యము నిలిచి, 1763లో హైదరాలీ బిదనూరును పట్టుకొనువరకు బ్రతికియుండెను.

ఇంకొక ఫలమును గూడ చెప్పవలసియున్నది. ఆమె పెంచిన బసవప్ప నాయకుడు ఆమె తరువాత సింహాసనమెక్కి, "శివతత్త్వరత్నాకరము" అను సంస్కృత గ్రంథమును రచించెను. ధర్మము, రాజనీతి, వైద్యము, కళలు మొదలైన అనేక శాస్త్రముల సారమును గ్రుచ్చిన విజ్ఞానకోశమది. కోట గోడలు కట్టించుట పలువురు రాజులు చేసిరి. తన తరువాత రాజ్యము నిలుపువానిని, విద్యను ప్రేమించువానిని తీర్చుట కొందరికే సాధ్యమైనది.

చెన్నమ్మ జీవితమున ధైర్యమనగా భయము లేకుండుట కాదు. బిదనూరు విడిచినప్పుడు ఆమె తన బలహీనతను ఉన్నదున్నట్లు చూచినది. రాజారాముని కాచినప్పుడు అపాయమును పూర్తిగా ఎరిగియే కాచినది. ఒకచోట వెనుకకు తగ్గుట, ఒకచోట నిలుచుట, ఈ రెండును ఒకే మనస్సు చేసిన నిర్ణయములు. ఎక్కడ తగ్గవలెనో తెలిసినది గనుకనే ఎక్కడ తగ్గరాదో ఆమెకు తెలిసినది. పోయినచో మరల సంపాదించుకొనదగినది ఊరు. పోయినచో మరల రానిది మాట.

మన కుటుంబములలో నేటికిని, ఎవరో వచ్చి దారి చూపుదురని ఎదురుచూచుచు కాలము గడపువారు, ఒకరి తప్పునకు తమ జీవితమునంతను బలి చేయువారు కలరు. వర్తకుని యింట పుట్టిన ఆ యాడుబిడ్డ ఎవరి కొరకును ఎదురుచూడలేదు. ముందుగా నేర్చుకొన్నది, సమయము వచ్చినప్పుడు పెద్దల మాట విన్నది, తానే నిర్ణయించినది, నిర్ణయించినదాని ఫలమును తానే భరించినది. ఆడపిల్లలకును మగపిల్లలకును ఇంటిలో పెద్దలు చెప్పవలసిన కథ యిది.