సుంకరి చిత్రకారుడు – ఆన్రీ రూసో

రూసో యనగానే రాజనీతిశాస్త్రము చదివిన మనకు సాంఘిక ఒడంబడికను గూర్చి గ్రంథము రచించిన తత్త్వవేత్త స్ఫురించును. ఇచ్చట చెప్పబోవునది ఆయన కథ కాదు. ఆయన గతించిన 66 ఏండ్లకు ఫ్రాన్సు దేశమున పుట్టి, నగరద్వారమున సుంకము వసూలు చేయు చిన్న యుద్యోగిగా జీవించి, నలుబదవ యేట చిత్రకళాభ్యాసమునకు గట్టిగా పూనుకొన్న మరియొక రూసో కథ యిది.

ఆన్రీ రూసో 1844 మే 21వ తేదీన లావాల్ అను పట్టణమున జన్మించెను. తండ్రి రేకుపని చేయువాడు. అప్పుల మూలమున ఆ కుటుంబము ఇల్లు పోగొట్టుకొనెను. బడిలో ఆన్రీకి చిత్రలేఖన సంగీతములందు తప్ప తక్కిన విషయములందు పేరు రాలేదు. ఒక న్యాయవాది కచేరీలో పనికి కుదిరి, చిన్న దొంగతనములో చిక్కుకొని, సైన్యమున చేరెను. 1868లో తండ్రి మరణింపగా పారిస్ నగరము చేరి, మరుసటి యేడు క్లెమాన్స్ అను యువతిని వివాహమాడెను. 1871లో పారిస్ నగర సుంకపు శాఖలో ఉద్యోగము లభించెను.

నగరములోనికి వచ్చు ద్రాక్షసారాయము, ఆహారపదార్థములు మున్నగువానిపై పన్ను రాబట్టుట ఆయన పని. తరువాతి కాలమున మిత్రులు ఆయనకు పెట్టిన 'దువానియే' అను పేరునకు కస్టమ్స్ అధికారి యని అర్థము. కాని ఆయన దేశపు కస్టమ్స్ శాఖలో ఎన్నడును పనిచేయలేదు. ఈ రెండింటికిని గల అంతరము కస్టమ్స్ శాఖలోని మన మిత్రులకు వేరుగ చెప్పనక్కరలేదు.

రూసో ఏ కళాశాలలోను చేరలేదు. 1884లో లూవ్ర్ చిత్రశాలలోని మహాచిత్రములకు నకళ్లు వ్రాసికొనుటకు అనుమతిపత్రము సంపాదించెను. ఉద్యోగము వదలిన వేళలలో అదియే ఆయన పాఠశాల. 1886లో 'స్వతంత్ర కళాకారుల' ప్రదర్శనమున తన చిత్రములను తొలిసారిగా ఉంచెను. చిత్రములను ఎంపికచేయు పరీక్షకసంఘము అచట లేదు గనుక ఆయనవంటి వానికి ప్రవేశము కలిగెను. జనము ఆ చిత్రముల ముందు నిలిచి నవ్విరి. బొమ్మలోని మనుష్యుల పాదములు నేలకు ఆనినట్లు కనిపించవు. దూరము, దగ్గర అను తారతమ్యము కుదరదు. పత్రికలు పరిహసించెను. రూసో ఆ విమర్శలను కత్తిరించి ఒక పుస్తకమున అంటించుకొని, నాటినుండి దాదాపు ప్రతి సంవత్సరమును అచటికి చిత్రములు పంపుచునే యుండెను.

సంసారమున ఆయనకు సుఖము తక్కువ. పిల్లలలో పలువురు చిన్నతనముననే మరణించిరి. 1888లో భార్యయు గతించెను. 1893లో, 49 ఏండ్ల వయస్సున, పూర్తికాలము చిత్రకళకే వినియోగింపదలచి ఉద్యోగమునుండి విరమించెను. పింఛను స్వల్పము. వయొలిన్ పాఠములు, చిత్రలేఖన పాఠములు చెప్పి కాలక్షేపము చేసెను. రంగుల వర్తకులకు బాకీలు పడెను. 1897లో వ్రాసిన 'నిద్రించు జిప్సీ' చిత్రమును కొనవలసినదని స్వస్థలమైన లావాల్ నగరాధ్యక్షునకు మరుసటి యేడు విన్నవించుకొనెను. ఆ పట్టణము దానిని స్వీకరింపలేదు.

ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చినవి అరణ్యచిత్రములు. పులులు, కోతులు, మనిషిని మించిన ఆకులు, ఎఱ్ఱని సూర్యబింబములు వానియందు కలవు. యౌవనమున సైన్యముతో మెక్సికో అడవులు చూచి వచ్చెనను కథ యొకటి వ్యాపించినది గాని అది నిజము కాదు. ఆయన ఫ్రాన్సు దాటి వెళ్లలేదు. ఆయన యరణ్యము పారిస్ లోని వృక్షోద్యానమున, గాజుటింటి మొక్కల నడుమ ఉన్నది. 1905లో ప్రదర్శించిన 'ఆకలిగొన్న సింహము'నకు అచటి మ్యూజియములో గడ్డికూరి నిలిపిన జంతువులే ఆధారమందురు. ఒక్కొక్క ఆకునకు వేరు అంచు, వేరు ఆకుపచ్చ. కచేరీ చిట్టాలు వ్రాయువాని ఓర్పు అందు కనిపించును.

ఆయన జీవితమున ఒక మచ్చయు కలదు. 1907లో ఒక పరిచితుని మాటలు నమ్మి బ్యాంకు మోసమున పాల్గొని చెరసాల పాలయ్యెను. 1909 విచారణలో ఆయన అమాయకత్వమునకు నిదర్శనముగా న్యాయవాది ఆయన చిత్రమునే చూపెను. శిక్ష పడినను అమలు నిలుపబడెను. ఆ చిత్రమును చూచి న్యాయస్థానమును నవ్వెనేమో గాని, నగరమున నవ్వనివారు అప్పటికే కొందరుండిరి. యువకుడైన పికాసో పాతసామానుల అంగడిలో, పైన మరల బొమ్మ వ్రాసికొనుటకు పనికివచ్చు గుడ్డగా అమ్ముచున్న రూసో చిత్రము నొకదానిని ఐదు ఫ్రాంకులకు కొనెను. 1908లో తన గదిలో వృద్ధ చిత్రకారునకు విందు చేసెను. అది గౌరవమా, పరిహాసమా యని నేటికిని వాదింతురు. రూసో మాత్రము దానిని గౌరవముగనే స్వీకరించెను. పికాసో ఆ చిత్రమును తుదివరకు తనయొద్దనే ఉంచుకొనెను.

1910 సెప్టెంబరు 2వ తేదీన, కాలి పుండు ముదిరి, రూసో ఆసుపత్రిలో మరణించెను. అంత్యక్రియలకు వచ్చినవారు కొద్దిమంది. తరువాత కవి అపొలినేర్ సమాధిపై పద్యము వ్రాయగా శిల్పి బ్రాంకూసి దానిని రాతిపై చెక్కెను. 'నిద్రించు జిప్సీ' 1939లో న్యూయార్కు ఆధునిక కళామందిరమునకు చేరెను. దానిని వలదన్న లావాల్ 1947లో రూసో అస్థికలను తెప్పించుకొని తన తోటలో నిలుపుకొనెను. 1967లో ఆయనవంటి స్వయంశిక్షితుల చిత్రములకై తన పాత కోటలో ఒక ప్రదర్శనశాలను తెరచెను.

నేడు నీటితో కలిపి, గడియలో ఆరిపోవు ఆక్రిలిక్ రంగులు అంగళ్లలో దొరకుచున్నవి. రూసోకు ఆ సౌకర్యము లేదు. ఆరుటకు దినములు పట్టు తైలవర్ణములు, ఆదివారములు మాత్రమే యుండెను. మన సంఘసభ్యులలో ఫైళ్ల నడుమ కుంచె పట్టగోరి, వయస్సు మీరినదని సంకోచించువారు కొందరైన నుందురు. లూవ్ర్ అనుమతిపత్రము చేతికందిన నాడు రూసో వయస్సు నలుబది. చేయుచున్న పని సుంకము వసూలు.