సతీష్ ధావన్: లాహోర్ నుంచి శ్రీహరికోట దాకా

ఉదయగిరి, ఆత్మకూరు వైపు విమానాల చదువు అనగానే చాలా ఇళ్లలో పైలట్ ఉద్యోగమే గుర్తొస్తుంది. మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన పిల్లలు పైచదువుకు ఆ దారి పట్టొచ్చన్న ఆలోచన తక్కువ. శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి పేరైన సతీష్ ధావన్ నడిచింది ఆ దారిలోనే. 2022లో తిరుపతి జిల్లాలో కలిసేదాకా శ్రీహరికోట నెల్లూరు జిల్లాదే కదా!

ధావన్ 1920 సెప్టెంబర్ 25న శ్రీనగర్‌లో పుట్టారు. చదివింది లాహోర్‌లోని పంజాబ్ యూనివర్సిటీలో. ముందు లెక్కలు, ఫిజిక్స్‌తో బీఏ, తర్వాత ఇంగ్లీషు సాహిత్యంలో ఎంఏ, ఆపైన 1945లో మెకానికల్ ఇంజినీరింగ్. ఇవాళ ఎవరింట్లోనైనా ఈ వరస చెబితే పిల్లాడికి నిలకడ లేదంటారు.

బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో కొన్నాళ్లు ఉండి అమెరికా వెళ్లారు. 1947లో మిన్నెసోటా యూనివర్సిటీ నుంచి ఏరోనాటిక్స్‌లో ఎంఎస్ వచ్చింది. అదే ఏడాది దేశం రెండు ముక్కలై, ఆయన చదువుకున్న లాహోర్ పరాయి దేశంలోకి వెళ్లిపోయింది. ఎంఎస్‌తో ఆగలేదు. కాల్‌టెక్‌లో చేరి 1949లో ఏరోనాటికల్ ఇంజినీర్ పట్టా, 1951లో హాన్స్ లీప్‌మన్ దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేశారు.

ఆ పీహెచ్‌డీ దేనిమీదంటే, విమానం ఒంటిని గాలి రాసుకుంటూ వెనక్కి లాగే బలం మీద. అది తెలిస్తేనే ఇంజిన్‌కి ఎంత శక్తి కావాలో, ఎంత ఇంధనం ఖర్చవుతుందో తేలుతుంది. ఎక్కువగా లెక్కలు కట్టి అంచనా వేసే ఆ బలాన్ని, ఆయన పలకలో ఒక చిన్న ముక్కను కదిలేలా అమర్చి నేరుగా కొలిచారు.

ఆ ఏడే తిరిగొచ్చి బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. ధ్వనికన్నా వేగంగా గాలిని పంపి అందులో విమానం నమూనాను పరీక్షించే సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్, మన దేశంలో మొదటిది, అక్కడ ఆయన చేతుల మీదుగా తయారైంది. తర్వాత ఆ సంస్థకే డైరెక్టర్ అయ్యారు. 1972లో ఇస్రో బాధ్యతా వచ్చింది.

అబ్దుల్ కలాం సాబ్ ఆయన కింద పనిచేసినవారే. కలాం కూడా ఫిజిక్స్ డిగ్రీ అయ్యాకే మద్రాసు ఎంఐటీలో ఏరోనాటిక్స్ చదివారు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఎస్‌ఎల్‌వీ-3 సముద్రంలో కూలింది. ప్రాజెక్టు డైరెక్టర్ కలాం. కానీ విలేకరుల ముందు కూర్చుని ఆ ఓటమిని తన మీద వేసుకున్నది ధావన్. 1980 జులై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆరోజు మాత్రం విలేకరులతో మాట్లాడమని కలాంనే పంపారు. ఈ సంగతి తర్వాతి కాలంలో కలామే ఊరూరా పిల్లలకు చెప్పుకున్నారు.

గాలిలో ఎగిరే దేన్నీ ధావన్ వదల్లేదు, పక్షులు ఎగిరే తీరు మీదా పుస్తకం రాశారు. 2002 జనవరి 3న కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.