ఆంధ్రుల లెక్క రాసిన రోమనుడు – పెద్ద ప్లీనీ

మన చరిత్ర పాఠాల్లో శాతవాహనుల దగ్గరికి వచ్చేసరికి ఒక లెక్క తప్పకుండా కనిపిస్తుంది. ఆంధ్రులకు ప్రాకారాలూ బురుజులూ గల 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉండేవని. చిన్న తరగతుల్లో ఒక మార్కు ప్రశ్నకు మనమంతా దీన్ని బట్టీపట్టిన వాళ్లమే. కానీ ఆ లెక్క ఏ పుస్తకంలో ఉందో, అది రాసినవాడు ఎవరో అడిగితే చెప్పగలిగేవాళ్లు మనలో తక్కువ. ఆయన ఆంధ్రదేశం మొహం చూడలేదు. ఇండియాకే రాలేదు. రోము నగరంలో దీపం పెట్టుకుని అర్ధరాత్రి లేచి రాసుకున్న ఒక ప్రభుత్వోద్యోగి ఆయన. పేరు గయస్ ప్లీనియస్ సెకుండస్. ఇదే పేరుగల మేనల్లుడు కూడా రచయిత కావడంచేత ఈయనను పెద్ద ప్లీనీ అంటారు.

క్రీ.శ. 23లోనో 24లోనో ఉత్తర ఇటలీలోని కోమో పట్టణంలో ప్లీనీ జన్మించాడు. ఊరి పక్కనే పెద్ద సరస్సు, వెనక ఆల్ప్స్ కొండలు. ఆ సరస్సు ఒడ్డున ఒక ఊట ఉంది. దాని నీళ్లు గంటగంటకూ పొంగి మళ్లీ తగ్గుతాయని ప్లీనీ తన గ్రంథంలో రాసుకున్నాడు. నల్లమల పాదాన మహానంది కోనేరు చూస్తూ పెరిగినవాళ్లకు, ఆ నీళ్లు పారి అరటితోటలు తడపడం ఎరిగినవాళ్లకు, ఒక మనిషి తన ఊరి ఊటను పనిగట్టుకుని లోకానికి చెప్పాలనుకోవడం వింతగా తోచదు.

ప్లీనీది రోమన్ సమాజంలో అశ్వికులనే రెండవ అంతస్తు కుటుంబం. యువకుడిగా జర్మనీ సరిహద్దుల్లో గుర్రపుదళంలో అధికారిగా పనిచేశాడు. ఆయన మొదటి పుస్తకం గుర్రం మీదినుంచి ఈటె విసరడం ఎలాగన్న దాని గురించి. తర్వాత జర్మనీ యుద్ధాల చరిత్రను 20 భాగాలుగా రాశాడు. నీరో చక్రవర్తి చివరి రోజుల్లో మాత్రం కలం వ్యాకరణం వైపు తిప్పాడు. స్వతంత్రంగా ఏ మాట రాసినా ప్రాణం మీదికి వచ్చే కాలమది. వ్యాకరణం మీద ఏ రాజుకూ కోపం రాదు గదా! 69లో వెస్పేసియన్ చక్రవర్తి అయ్యాక ప్లీనీకి మంచి రోజులు వచ్చాయి. స్పెయిన్‌లో ఆర్థిక వ్యవహారాలు చూసే పెద్ద ఉద్యోగం దొరికింది. అక్కడి బంగారు గనుల పద్ధతిని ఆయన రాసిన తీరు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కొండలో సొరంగాలు తవ్వి, కొండను కూలదోసి, దూరం నుంచి కాలువల్లో తెచ్చిన నీటిని ఒక్కసారిగా వదిలి మట్టిని కడిగేవారట. బంగారం కోసం భూమి కడుపు చీల్చడం ఆయనకు నచ్చలేదు. పని తీరును మాత్రం ఒక్క వివరం వదలకుండా రాశాడు.

ఆయన దినచర్య మేనల్లుడి ఉత్తరం వల్ల మనకు తెలుస్తున్నది. అర్ధరాత్రి దాటగానే లేచి చదువు. తెల్లవారకముందే చక్రవర్తి దగ్గరికి పోయి ఆనాటి పని తెలుసుకోవడం. ఇంటికొచ్చి మళ్లీ చదువు. భోంచేసేటప్పుడు పక్కన ఒకరు పుస్తకం చదివి వినిపించాలి. స్నానంలో నీళ్లలో ఉన్నంతసేపే విరామం, ఒళ్లు తుడుస్తుంటే మళ్లీ చదవడం మొదలు. ఒకసారి చదివేవాడు ఒక మాట తప్పు పలికితే, పక్కనున్న మిత్రుడు ఆపి మళ్లీ చదివించాడు. అర్థమైనప్పుడు ఆపడం దేనికి, పది వరుసల కాలం పోయింది కదా అని ప్లీనీ విసుక్కున్నాడట. నడిస్తే చదవడం కుదరదని రోములో కుర్చీపల్లకీలో తిరిగేవాడు. మేనల్లుడు నడిచి వెళ్తుంటే కూడా కాలం వృథా అని మందలించాడు. పరీక్షలకు వారం ముందు మన హాస్టలులో ఇలాంటి ప్లీనీలు చాలామంది కనిపిస్తారు గాని, ఆయన ఏడాది పొడుగునా అట్లాగే ఉన్నాడు. చనిపోయేనాటికి రెండువైపులా సన్నని అక్షరాలతో నిండిన 160 నోట్సు పుస్తకాలు మిగిల్చాడు.

ఆ నోట్సులోంచి పుట్టిందే 'ప్రకృతి చరిత్ర'. 77లో, చక్రవర్తి కుమారుడైన టైటస్‌కు అంకితం చేశాడు. మొత్తం 37 భాగాలు. నక్షత్రాలు, దేశాలు, మనుషులు, జంతువులు, చెట్లు, పంటలు, మందులు, లోహాలు, రత్నాలు, అన్నీ ఒకే గ్రంథంలో. మొదటి భాగం మొత్తం విషయసూచికే! ఏ భాగంలో ఏముందో, ఏ ఏ గ్రంథకర్తల దగ్గర తీసుకున్నాడో పేరు పేరునా రాశాడు. ఇతరుల పుస్తకాలు మాటకు మాట ఎత్తిరాసి పేరు చెప్పనివాళ్లు తన కాలంలో చాలామంది ఉన్నారని, తాను అట్లా చేయనని చెప్పుకున్నాడు. పక్కవాడి ప్రాక్టికల్ రికార్డు చూసి రీడింగులు దించుకునే సైన్సు విద్యార్థులు ఈ ముక్క చదవడం మంచిది.

ఇండియా సంగతులు ఆరవ భాగంలో వస్తాయి. మన 30 పట్టణాల లెక్క అక్కడిదే. దాన్ని ప్లీనీ అంతకు మూడున్నర శతాబ్దాల ముందు మౌర్యుల ఆస్థానానికి వచ్చిన మెగస్తనీస్ నుంచి తీసుకుని ఉంటాడని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అదే నిజమైతే అది శాతవాహనుల నాటి బలం కాదు, ఇంకా పాతది. వ్యాపారం విషయంలో మాత్రం ప్లీనీ తన కాలపు సమాచారమే ఇచ్చాడు. దక్షిణ అరేబియా తీరం నుంచి రుతుపవనాల గాలిని పట్టుకుని 40 రోజుల్లో కేరళ తీరంలోని ముజిరిస్ చేరవచ్చునన్నాడు. ఏటా 5 కోట్ల సెస్టర్సుల రోమన్ ధనం ఇండియా ఎగరేసుకుపోతున్నదని వాపోయాడు. కారం తప్ప మరే గుణమూ లేని మిరియాలను బంగారం, వెండిలాగా తూచి కొనడమేమిటని ఆయన బాధ. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో ఇప్పుడు మనకు తెలుసు. నల్గొండ ప్రాంతంలోని అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేలు వెయ్యికి పైగా బయటపడ్డాయి. నాగార్జునకొండలో బంగారువి దొరికాయి. మన నంద్యాలలో కూడా రోమన్ బంగారు నాణేల నిధి దొరికింది. ప్లీనీ కార్చిన కన్నీటిలో ఒక బొట్టు మన నల్లరేగడిలో ఇంకిందన్నమాట.

కర్నూలు వైపువాళ్లు చూడవలసింది 37వ భాగం. అందులో వజ్రం ఉంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వంగి వజ్రాలు వెతకడం మనకు తెలిసిందే. ఇండియా వజ్రం ఎట్లా ఉంటుందో ప్లీనీ చెప్పాడు: రెండు బొంగరాలను వెడల్పు వైపున అతికించినట్టు. స్ఫటికశాస్త్రంలో మనం అష్టముఖి అని చదువుకునే ఆకారం సరిగ్గా ఇదే. ఇంత చక్కగా చెప్పిన మనిషి, అదేచోట, వజ్రం దేనికీ పగలదనీ, వేడివేడి మేకరక్తంలో నానబెడితే మాత్రం పగులుతుందనీ రాశాడు. ఒక మేకను కోసి చూస్తే తేలిపోయే సంగతి! ఆ పని ఆయన చేయలేదు. ఆయన తర్వాత వెయ్యేళ్లకు పైగా చదివినవాళ్లూ చేయలేదు. ప్లీనీ రాశాడు కాబట్టి నిజమే అనుకున్నారు.

నా మటుకు నాకు 18వ భాగం ఇష్టం. అది సేద్యం గురించి. లూపిన్ అనే పప్పుజాతి మొక్క నేలకు మంచి ఎరువుగా పనిచేస్తుందని ఉంది. మనవాళ్లు జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి దున్నేదీ ఇందుకే. పెద్దపెద్ద భూస్వామ్యాలు ఇటలీని పాడుచేశాయని కూడా ప్లీనీ అక్కడే తేల్చేశాడు. అందులోనే క్రెసిమస్ అనే రైతు కథ ఉంది. అతడు బానిసత్వం నుంచి విడుదలైన మనిషి. ఉన్నది చిన్న చెక్క. ఇరుగుపొరుగు ఆసాముల పెద్ద చేలకంటే అతడి చేను ఎక్కువ పండేది. మంత్రం వేసి మా పంటను తన చేలోకి లాక్కుంటున్నాడని వాళ్లు కేసు పెట్టారు. తీర్పునాడు క్రెసిమస్ తన బలిష్ఠులైన పనివాళ్లను, బాగా చేయించిన పారలను, బరువైన నాగళ్లను, మేపిన ఎద్దులను తెచ్చి సభ మధ్య నిలబెట్టాడు. నా మంత్రాలు ఇవేనని చూపాడు. తెల్లవారుజామున లేచి పడిన చాకిరీని, కార్చిన చెమటను మాత్రం ఇక్కడికి తేలేకపోయానన్నాడు. అందరూ ఏకగ్రీవంగా విడుదల చేశారు. రెండెకరాల్లో ఎక్కువ పండించినవాడి మీద ఊళ్లో చెవులు కొరుక్కోవడం ఇప్పటికీ ఉన్నదే.

రోము సామ్రాజ్యం కూలిపోయినా ఈ గ్రంథం కూలలేదు. ఏడవ శతాబ్దపు సెవిల్ నగరపు ఇసిడోర్, ఎనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులోని బీడ్ దాన్నుంచే విషయాలు తీసుకున్నారు. మఠాల్లో చేతిరాతతో కాపీ చేసుకుంటూ కాపాడారు. అచ్చు యంత్రం వచ్చిన కొత్తలోనే, 1469లో, వెనిస్‌లో ముద్రించారు. 1492లో ఫెరారా నగర వైద్యుడు లియోనిచెనో ప్లీనీ తప్పులను బయటపెడుతూ ఒక పుస్తకం వేశాడు. ఒక మొక్కకు బదులు మరో మొక్క చెబితే రోగి ప్రాణం పోతుందన్నది ఆయన ఆక్షేపణ. పండితులు రెండు పక్షాలై కొట్లాడుకున్నారు. ప్లీనీ తప్పా, కాపీ చేసినవాళ్ల తప్పా అని. ఆ తగవు వల్లనే కొందరు పుస్తకం పక్కనపెట్టి మొక్కల దగ్గరికి నడిచారు.

ప్లీనీ కూడా చివరకు నడిచినవాడే. 79లో ఆయన నేపుల్స్ తీరాన మిసెనమ్ రేవులో నౌకాదళాధిపతి. వ్రాతప్రతుల ప్రకారం ఆగస్టు 24న (2018లో పాంపేలో బయటపడిన ఒక బొగ్గురాత వల్ల అక్టోబరు అని ఇప్పుడు చాలామంది అంటున్నారు) మధ్యాహ్నం భోజనం చేసి చదువుకుంటుండగా, ఆకాశంలో గొడుగులాంటి పైన్ చెట్టు ఆకారంలో మేఘం లేచిందని చెల్లెలు వచ్చి చెప్పింది. వెసూవియస్ పేలింది. దగ్గరగా చూద్దామని చిన్న పడవ సిద్ధం చేయించాడు. వస్తావా అని 17 ఏళ్ల మేనల్లుణ్ణి అడిగాడు. మామ ఇచ్చిన రాతపని ఉందని కుర్రవాడు ఉండిపోయాడు. బతికిపోయాడు. బయలుదేరబోతుండగా కొండ కింద చిక్కుకున్న ఒక స్త్రీ నుంచి కాపాడమని చీటీ వచ్చింది. ప్లీనీ చిన్న పడవ మాని పెద్ద ఓడలను తీయించాడు. అందరూ పారిపోతున్న వైపుకే పోయాడు. బూడిద, కాలిన రాళ్లు మీద పడుతున్నా కనిపించింది కనిపించినట్టు చెప్పి రాయిస్తూ వెళ్లాడు. తీరం చేరలేక స్టేబియేలో మిత్రుడి ఇంట దిగి, వాళ్ల భయం పోగొట్టడానికి స్నానం చేసి భోంచేసి గురకపెట్టి నిద్రపోయాడు. తెల్లవారుజామున తలలకు దిండ్లు కట్టుకుని అందరూ ఒడ్డుకు చేరారు. సముద్రం ఇంకా అల్లకల్లోలంగానే ఉంది. ఒడ్డున తెరచాప గుడ్డ మీద పడుకుని మంచినీళ్లు అడిగి తాగాడు. ఇద్దరు బానిసల మీద ఆనుకుని లేచి, అక్కడే కూలిపోయాడు.

వెలుగు వచ్చాక దొరికిన దేహం నిద్రపోతున్నట్టే ఉందని మేనల్లుడు చరిత్రకారుడు టాసిటస్‌కు రాశాడు. ఆ ఉత్తరాల వల్లనే అంత ఎత్తున బూడిద చిమ్మే పేలుళ్లను భూగర్భశాస్త్రజ్ఞులు నేటికీ ప్లీనియన్ విస్ఫోటనాలు అంటున్నారు. ఓడ మీద ఆయన చెప్పి రాయించిన పరిశీలనలు మాత్రం మనదాకా రాలేదు.