మఠాధిపతియగు సూజేరు

ఫ్రాన్సుదేశ రాజధానియగు పారిసు నగరమునకు ఉత్తరమున సెంట్ డెనీ యను పురాతన దేవాలయము కలదు. ఫ్రెంచి రాజులలో పెక్కండ్రు అచటనే సమాధి చేయబడిరి. గోథికు శిల్పపద్ధతికి ఈ యాలయమే జన్మస్థానమని శిల్పచరిత్రకారులు తలంతురు. దానిని పునర్నిర్మించిన సూజేరు చరిత్రమును మన విద్యార్థుల కెరుకపరుప నెంచితిమి.

సూజేరు రమారమి 1081వ సంవత్సరమున జన్మించెను. గొప్ప వంశమున బుట్టినవాడు కాడు. పొట్టివాడు, దుర్బల శరీరుడు. పదియేండ్ల ప్రాయమున తలిదండ్రులాతని నీ మఠమునకు సమర్పించిరి. తరువాత ఆరవ లూయీయను పేర రాజైన బాలుడును అచటనే కొంతకాలము విద్య నేర్చెను. వారి మైత్రి కడవరకు నిలిచెను. 1122లో సూజేరు మఠాధిపతి యయ్యెను.

పాత యాలయము మిక్కిలి యిరుకైనది. పండుగదినములలో జనసమ్మర్దము చెప్పనలవి గాకుండెను. స్త్రీలు పురుషుల తలలమీదుగా బలిపీఠమునొద్దకు పోవలసివచ్చెడిదని సూజేరే వ్రాసియున్నాడు. కావున నతడు నూతన నిర్మాణమునకు బూనెను. పడమటి భాగము 1140లోను, తూర్పు భాగము 1144లోను ప్రతిష్ఠింపబడెను.

పనినడుమ పెద్ద దూలములు కావలసివచ్చెను. అట్టివి సమీపమున దొరకవని వడ్రంగులు చెప్పిరి. సూజేరునకు రాత్రి నిద్ర పట్టలేదు. ఉదయముననే కొలతలు తీసికొని, తానే యడవికి బోయి, ముండ్లపొదలు దాటి వెదకి, సాయంకాలము కాకమునుపే కావలసిన పండ్రెండు మ్రాకులను గుర్తించెను.

తూర్పు భాగమున సన్నని స్తంభములును, కొనదేలిన కమానులును కప్పుభారమును మోయుచుండుటచే మందమైన గోడల యవసరము తగ్గెను. ఆ తావున రంగుటద్దముల కిటికీలమర్చి, బైబిలు వృత్తాంతములను చిత్రింపించెను. చదువురాని వారికి నవియే పుస్తకములాయెను. మఠపు పెట్టెలో నూరకపడియున్న యెఱ్ఱరాతి కూజాకు బంగారు పూతగల వెండి తలయు, ఱెక్కలును చేర్చి గరుడపక్షిగా మార్పించెను.

పేదలు వస్త్రహీనులై యుండగా దేవాలయములకు బంగారమేలయని ఆ కాలముననే క్లేర్వో మఠాధిపతియగు బెర్నార్డు ప్రశ్నించెను. దేవుని సేవకు శ్రేష్ఠమైనదే తగునని సూజేరు భావము. ఈ వాదము నేటికిని తీరలేదు. సూజేరు తన పేరును ఆలయమున బలుతావుల చెక్కించుకొనెననుట నిజమే. అయినను తాను నివసించిన గది పది యడుగుల వెడల్పు, పదునైదడుగుల పొడవు మాత్రమేయని యాతని శిష్యుడు వ్రాసెను. ఆలయమునకు వ్యయించినది తన సుఖమునకు వ్యయింపలేదు.

ఏడవ లూయీ 1147లో ధర్మయుద్ధమునకు వెడలినపుడు రాజ్యభారమును సూజేరునకే యప్పగించెను. 1149లో రాజు మరలివచ్చువరకు నతడు రాజ్యమును చెక్కుచెదరకుండ కాపాడి, 1151 జనవరి 13వ తేదీన పరలోకగతుడయ్యెను.

ఫ్రెంచి విప్లవకాలమున రాజుల సమాధులు త్రవ్వబడెను. బంగారు వస్తువులు పెక్కు కరిగింపబడెను. గరుడపాత్ర లూవ్రు ప్రదర్శనశాలను, సూజేరు రాతిపానపాత్ర అమెరికాలోని వాషింగ్టను నగరమును చేరినవి. పడమటి ముఖమును, తూర్పున క్రింది నడవలును మాత్రము నేటికిని నిలిచియున్నవి. ఆ కిటికీలలో నొకదానియందు మరియమ్మ పాదములచెంత సాగిలపడియున్న చిన్న సన్యాసి మన సూజేరే. బంగారము పోయినను, వెలుగునకు ద్వారము తెఱచిన యాతని పని నిలిచినది.