మగ్గం కార్ఖానాలో పుట్టిన మోటారు

అమీర్‌పేట మెట్రో స్టేషను మెట్ల మీద నిలిచి పంజగుట్ట వైపు చూచిన వారికి ఎడతెగని వాహన ప్రవాహం కనిపిస్తుంది. ఆ ప్రవాహంలో సుజుకీ, టొయోటా, హోండా అను జపాను పేర్లు అడుగడుగునా గోచరిస్తాయి. అమెరికా పేర్లను మాత్రం వెదకవలసి వస్తుంది. ఒకనాడు హైదరాబాదు వీథులలో పరిస్థితి ఇట్లు లేదు. నిజాం కాలంలోను, ఆ తరువాత కొంత కాలం వరకును, బ్యూక్, షెవర్లే, ఫోర్డు, ప్లిమత్ అను పేర్లే కారు ప్రియుల నోళ్ళలో నానుతూ ఉండేవి. విశాలమైన ఆసనాలు, అంబారీ ఏనుగు వలె ఊగుతూ సాగే నడక, పెట్రోలును లెక్కచేయని దర్జా అమెరికా బండ్ల లక్షణాలు. ఇరుకు సందులో ఇమిడిపోవడం, కొద్దిపాటి ఇంధనంతో సరిపెట్టుకోవడం, మొరాయించకుండా ఏండ్ల తరబడి పనిచేయడం జపాను బండ్లకు వచ్చిన పేరు. జనరల్ మోటార్సు 2017లో భారతదేశంలో కార్ల అమ్మకాన్ని మానుకున్నది. ఇక్కడి తయారీకి స్వస్తి చెప్పుచున్నట్లు ఫోర్డు 2021లో ప్రకటించినది.

ఈ తారుమారుకు కారణాలు పెక్కు గలవు. అమెరికా కారునే గురువుగా భావించి, దానిని విప్పి చూచి విద్య నేర్చిన ఒక జపాను ఇంజనీరు జీవితం ఆ కారణాలలో ముఖ్యమైన దానిని తెలుపుతుంది. ఆయన కీచిరో టొయోడా.

కీచిరో 1894 జూన్ 11న జన్మించినాడు. తండ్రి సాకిచి టొయోడా వడ్రంగి కుటుంబంలో పుట్టి, మగ్గాలను మెరుగుపరచడమే జీవిత పరమార్థంగా పెట్టుకున్న మనిషి. ఆయన సాధించిన మగ్గాలలో గొప్ప విశేషమొకటి ఉన్నది. పడుగు నూలు తెగిన మరుక్షణమే మగ్గం తనంతట తానే ఆగిపోయేది. తప్పుడు గుడ్డ ఒక్క అంగుళమైనా నేయబడేది కాదు. మన పోచంపల్లి, గద్వాల నేతగాండ్రు కంటితోను చేతితోను చేసే కాపలాను అక్కడ యంత్రమే చేసినదన్నమాట. పొరపాటు జరిగినచోటనే ఆగి దిద్దుకోవలెనన్న ఈ సూత్రం తరువాతి కాలంలో కార్ల తయారీకి సైతం ప్రాణప్రదమైనది.

కీచిరో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో యంత్రశాస్త్రం అభ్యసించి 1920లో పట్టభద్రుడైనాడు. మరుసటి సంవత్సరం అమెరికా, ఐరోపా దేశాలకు వెళ్ళి అక్కడి పరిశ్రమలను పరిశీలించినాడు. ఇంగ్లండులో వస్త్రయంత్రాల తయారీకి పేరుపొందిన ప్లాట్ సోదరుల సంస్థలో పని చూచి నేర్చుకున్నాడు. 1924లో పూర్తి అయిన కొత్త స్వయంచాలక మగ్గం రూపకల్పనలో తండ్రికి కుడిభుజమై నిలిచినాడు. అయిదేండ్ల అనంతరం, 1929లో, అదే ప్లాట్ సంస్థ ఆ మగ్గం హక్కులను టొయోడాల నుండి లక్ష పౌండ్లకు కొనుటకు ఒప్పుకున్నది. నిన్నటి శిష్యుని వద్ద గురువు పాఠం కొనుక్కున్నట్లయినది.

ఇంతలో జపానులో మరొక మార్పు వచ్చినది. 1923 సెప్టెంబరు 1న సంభవించిన మహాభూకంపం టోక్యోను నేలమట్టం చేసినది. పట్టాలు ధ్వంసమై ట్రాములు నిలిచిపోగా, నగరపాలకులు అమెరికా నుండి ఫోర్డు చట్రాలను తెప్పించి బస్సులు కట్టించినారు. 1925లో యోకొహామాలో ఫోర్డు, 1927లో ఒసాకాలో జనరల్ మోటార్సు కర్మాగారాలు తెరచినవి. అమెరికా నుండి వచ్చిన విడిభాగాలను అక్కడ బిగించి అమ్మేవారు. బిగించడం వేరు, తయారుచేయడం వేరు. ఈ భేదం కీచిరో మనసును తొలిచినది. సాకిచి 1930లో కన్నుమూసినాడు. కుమారుడు మోటారు బండ్ల వైపు మరలవలెనని ఆయన కోరుకున్నట్లు చెబుతారు.

1933లో మగ్గాల కర్మాగారంలోనే మోటారు విభాగం వెలసినది. ఒక షెవర్లే కారును కొని, మర మర విప్పి, ప్రతి భాగాన్ని కొలిచి, గీతలు గీసుకున్నారు. అది అనుకున్నంత సులభమైన పని కాదు. ఇంజను దిమ్మెను పోతపోయడమే పెద్ద గండమైనది. పోసినవి పోసినట్లే పగిలి, మరల కొలిమికి చేరేవి. ఎట్టకేలకు 1934లో ఇంజను నడిచినది. 1935 మే నెలలో తొలి నమూనా కారు రూపొందినది. దాని ఇంజనుకు షెవర్లే, దేహానికి క్రిస్లర్ వారి గాలివాటు కారు ఒరవడి. అదే సంవత్సరం విక్రయించిన లారీలు దారిలో తరచు చెడిపోయేవి. సంస్థ మనుషులు బండి ఆగినచోటికి పరుగెత్తి బాగుచేసి, చెడిన కారణాన్ని కర్మాగారానికి చేరవేసేవారు. ఆ చెడిన లారీలే వారికి పాఠ్యపుస్తకాలైనవి.

1936లో జపాను ప్రభుత్వం చేసిన చట్టం విదేశీ కంపెనీలకు కళ్ళెం వేసి, స్వదేశీయులకు అండ నిచ్చినది. ఈ అండ లేకుండా కీచిరో నిలిచి ఉండేవాడని చెప్పలేము. దాని వెనుక సైన్యం అవసరాలున్న మాట కూడా మరువరాదు. యుద్ధకాలంలో ఆయన లారీలు సైన్యానికే పోయినవి. 1937లో టొయోటా మోటారు కంపెనీ ఏర్పడినది. టొయోడా అను ఇంటిపేరు వ్యాపారనామంగా టొయోటా అయినది. జపాను లిపిలో దానికి ఎనిమిది గీతలు; ఎనిమిది వారికి శుభసంఖ్య.

మరుసటి ఏడు కొరొమో పట్టణంలో కొత్త కర్మాగారం తెరచునప్పుడు కీచిరో ఒక వింత నియమం పెట్టినాడు. ఏ భాగం ఎప్పుడు కావలెనో అప్పుడే, కావలసినంతే రావలెను. అపారమైన ధనం, విశాలమైన సంత గల అమెరికా కంపెనీలకు గిడ్డంగులు నింపుకోవడం భారం కాలేదు. పేద దేశపు కంపెనీకి నిలవ సరకంటే నిద్రపోతున్న డబ్బు. యుద్ధం ఆ పద్ధతికి అంతరాయం కలిగించినా, అది నశించలేదు. యుద్ధానంతరం తైచి ఓనో మున్నగువారు దానిని పెంచి పెద్దచేసినారు. ఓటమి పాలైన దేశంలో, మూడేండ్లలో అమెరికాను అందుకోవలెనని కీచిరో లక్ష్యం పెట్టినట్లు ఓనో రాసినాడు.

ఆ మూడేండ్లు గడిచేసరికి చేతికందినది అమెరికా కాదు, దివాలా. 1949లో ద్రవ్యోల్బణాన్ని అణచుటకై అమలైన కఠిన ఆర్థిక విధానం వల్ల కొన్నవారు బాకీలు తీర్చలేకపోయినారు. బ్యాంకుల షరతులు బిగిసినవి. పనివారిని తొలగించనని మాట ఇచ్చిన కీచిరో, 1600 మందిని తగ్గించుకొనక తప్పని స్థితికి వచ్చినాడు. 1950 వేసవిలో సమ్మె సాగినది. మాట తప్పినందుకు మూల్యం తానే చెల్లించవలెనని తలచి, జూన్ 5న అధ్యక్ష పదవిని త్యజించినాడు. తొలగింపుకు గురైన కుటుంబాలకు దానివల్ల కూడు లభించలేదు. అయినా ఆ భారాన్ని ఇతరుల నెత్తిన రుద్ది తాను తప్పుకొనకపోవడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు.

విధి విలాసం చూడుడు. సరిగా ఇరువది రోజులకు కొరియా యుద్ధం ఆరంభమైనది. అమెరికా సైన్యమే వేలాది లారీలకు కబురు పెట్టినది. కంపెనీ గట్టెక్కినది. కీచిరోను తిరిగి రమ్మని పిలిచినారు. ఆయన అంగీకరించినాడు కూడా. కాని 1952 మార్చి 27న, 57 ఏండ్ల వయసులో, మెదడులో రక్తస్రావమై అస్తమించినాడు.

ఆయన చూడని కథ ఇంకను ఉన్నది. 1957లో అమెరికాలో అడుగుపెట్టిన టొయోటా క్రౌన్ అక్కడి పొడవైన రహదారుల వేగానికి తాళలేక వేడెక్కి, వణికి, పరాభవం పొందినది. కంపెనీ వెనుకకు తగ్గి, దోషాలు దిద్దుకొని, మరల వెళ్ళినది. 1973 చమురు సంక్షోభం పొదుపు గల చిన్న కార్లకు కాలం తెచ్చినది. 1984లో జనరల్ మోటార్సు సంస్థే టొయోటాతో చేయి కలిపి, కాలిఫోర్నియాలో మూతపడిన తన కర్మాగారాన్ని తిరిగి తెరచి, ఆ పద్ధతులను దగ్గరగా చూడదలచినది. 1933లో విప్పిన షెవర్లే ఆ సంస్థదే.

అమీర్‌పేటకు పొరుగున సనత్‌నగర్‌లో ఆల్విన్ కర్మాగారం ఉండేది. 1942లో పుట్టిన ఆ సంస్థ 1980లలో జపాను వారి నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో సరకుల బండ్లు తయారుచేయించినది. తరువాత ఆ కర్మాగారం మహీంద్రా వారి చేతికి పోయినది. నేడు అదే అమీర్‌పేట గదులలో వేలాది విద్యార్థులు విదేశాలలో పుట్టిన కంప్యూటరు విద్యలు నేర్చుకుంటున్నారు. పరుల విద్య నేర్వడంలో చిన్నతనం లేదు. కీచిరో కూడా అక్కడనే ఆరంభించినాడు. విప్పిన కారును తిరిగి బిగించడంతో ఆయన చదువు ముగియలేదు. చెడిన ప్రతి లారీ వద్ద అది కొనసాగినది.