ఎడ్వర్డు జెన్నరు

పూర్వము మశూచి లోకమున స్థిరనివాసము ఏర్పరచుకొనిన వ్యాధి. అది ఒక యేడు వచ్చి మఱుయేడు పోవునది కాదు; ప్రతి తరమును పీడించుచుండెడిది. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాఖండమునందే ఏటేట సుమారు 4 లక్షలమంది దానివలన మరణించిరని అంచనా. బ్రతికిన వారిలో కొందఱు చూపు కోల్పోయిరి; పెక్కండ్ర ముఖములపై మచ్చలు మిగిలెను. ఇట్టి మహామారిని జయించు త్రోవ చూపిన వైద్యుడు ఎడ్వర్డు జెన్నరు.

జెన్నరు 1749వ సంవత్సరము మే 17వ తేదీన ఇంగ్లాండులోని బర్క్‌లీ యను ఊర జన్మించెను. ఐదవయేటనే తలిదండ్రులను కోల్పోయి, తోబుట్టువుల సంరక్షణలో పెరిగెను. ఆ కాలమున మశూచి పొక్కులలోని రసిని ఆరోగ్యవంతుని చేతిపై గాటుచేసి ఎక్కించు ఆచారముండెను. అట్లు చేసినచో వ్యాధి సాధారణముగా తేలికగా వచ్చిపోయి, మఱల రాదు. కాని కొందఱు దానివలననే మరణించుచుండిరి; ఇరుగుపొరుగువారికిని అది అంటుకొనుచుండెను. ఎనిమిదవయేట జెన్నరునకును రసి ఎక్కించిరి. అంతకుముందు రక్తము తీసి, పస్తులుంచి, కృశింపజేసి, పిదప తోడి బాలురతో ఒక కొట్టమున నిర్బంధించిరి. ఆ బాధను అతడు పెద్దయైన తరువాతను మఱవలేదు.

జెన్నరు లండనులో జాన్ హంటరు అను ప్రఖ్యాత వైద్యునికి శిష్యుడై, ప్రతి విషయమును పరీక్షించి చూచు అలవాటు నేర్చుకొనెను. పిదప స్వగ్రామమునకు మరలి వైద్యము చేయసాగెను. అచటి పాలుపిదుకు స్త్రీలకు ఆవులనుండి గోమశూచి యను స్వల్పవ్యాధి అంటుకొనుచుండెను. అట్టివారికి మశూచి సోకదని పల్లెవారి నమ్మకము. 1774లో బెంజమిన్ జెస్టీ యను రైతు ఆ నమ్మకముతోనే తన భార్యకును, కుమారులకును గోమశూచి రసిని ఎక్కించెను. జెన్నరు దానిని శాస్త్రీయముగా పరీక్షింపదలచెను.

1796 మే 14వ తేదీన సారా నెల్మ్స్ అను స్త్రీ చేతిపై లేచిన గోమశూచి పొక్కునుండి రసి తీసి, తన తోటమాలి కుమారుడగు జేమ్స్ ఫిప్స్‌కు ఎక్కించెను. అతనికి ఎనిమిదేండ్లు. బాలునికి కొద్దిపాటి నలత కలిగి తగ్గెను. జూలై 1వ తేదీన అతనికి నిజమైన మశూచి రసిని ఎక్కించెను. ఊహ తప్పినచో పసివాని ప్రాణమునకే ముప్పు. పసిబిడ్డపై అట్టి పరీక్షను నేడు ఎవ్వరును అనుమతింపరు. దినములు గడచెను, వ్యాధి రాలేదు.

రాయల్ సొసైటీ అతని వ్యాసమును స్వీకరింపలేదు. అతడు నిరుత్సాహపడక మఱికొందఱిని పరీక్షించి, 1798లో గ్రంథమును ప్రకటించెను. టీకా వేయించుకొనినవారికి పశులక్షణములు వచ్చునని కొందఱు పరిహసించిరి. అయినను టీకా దేశదేశముల వ్యాపించి, 1802లో బొంబాయి చేరెను. జెన్నరు తన పద్ధతిని రహస్యముగా దాచుకొనలేదు. తన తోటలోని కుటీరమున పేదలకు ఉచితముగా టీకాలు వేసెను.

లక్షలాది బిడ్డలను కాపాడిన ఆ వైద్యుడు తన బిడ్డను కాపాడుకొనలేకపోయెను. 1810లో పెద్దకుమారుడు, 1815లో భార్య క్షయకు బలియైరి. క్షయకు అప్పుడు మందు లేదు. జెన్నరు 1823 జనవరి 26వ తేదీన, 73 ఏండ్ల వయస్సున, పక్షవాతముచే మరణించెను.

మశూచిని కలిగించు వైరస్‌కు మానవశరీరము తప్ప వేఱు ఆశ్రయము లేదు. కావుననే టీకాలతో దానిని నిర్మూలించుట సాధ్యమయ్యెను. 1980లో ప్రపంచ ఆరోగ్యసభ మశూచి అంతరించినదని ప్రకటించెను. ఇన్‌ఫ్లుయెంజా వంటి వైరస్‌లు పక్షులయందును జీవించును. తఱచు రూపు మార్చుకొనును. వానితో మానవుడు జాగరూకుడై కలసి బ్రతుకవలసినదే. మృత్యువును ఏ వైద్యుడును జయింపలేదు. కాని అకాలమరణమును తొలగింపవచ్చునని జెన్నరు జీవితము చాటుచున్నది. మన ఇండ్లలోని వృద్ధుల చేతులపై కానవచ్చు టీకామచ్చ అతని స్మారకచిహ్నము.