సైనికుల రేడియోలా కనిపించిన పెట్టె: ఆడం ఆస్బోర్న్ కథ

పాత కంప్యూటర్ల వీడియో ఎవరైనా పెడితే చాలు, కింద ఒకరైనా ఆ రోజుల్లో ఇంటి కంప్యూటర్లు కూడా మిలిటరీ గ్రేడ్‌లో కట్టేవాళ్ళని రాస్తారు. నలభై ఏళ్ళయినా ఇంకా ఆన్ అవుతున్నాయి కదా, నమ్మాలనిపిస్తుంది. ఈ మాటలో నిజమెంతో చూడ్డానికి ఒక మనిషి జీవితం బాగా పనికొస్తుంది. అతని పేరు ఆడం ఆస్బోర్న్. 1981లో అతను అమ్మిన కంప్యూటర్‌ని చూస్తే చాలామందికి రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనికుల రేడియో పెట్టె గుర్తొచ్చింది.

ఆడం 1939 మార్చి 6న బ్యాంకాక్‌లో పుట్టాడు. తండ్రి ఆర్థర్ ఆస్బోర్న్ ఇంగ్లండ్ వాడు, అక్కడి యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పేవాడు. తల్లిది పోలండ్. యుద్ధం వచ్చేసరికి తల్లీ పిల్లలూ తమిళనాడులోని తిరువణ్ణామలైలో ఉన్నారు. తండ్రి మాత్రం బ్యాంకాక్‌లో జపాన్ సైన్యానికి చిక్కి, యుద్ధం ముగిసేదాకా నిర్బంధ శిబిరంలోనే గడిపాడు. తిరువణ్ణామలై అంటే మనవాళ్ళు పౌర్ణమికి బస్సులు కట్టుకుని గిరి ప్రదక్షిణకి వెళ్ళే అరుణాచలమే. మన చలం గారు చివరి రోజులు గడిపిందీ అక్కడే. ఆస్బోర్న్ కుటుంబం రమణ మహర్షికి బాగా దగ్గర. తర్వాత ఆర్థర్ మహర్షి జీవిత చరిత్ర ఇంగ్లీషులో రాశాడు కూడా. ఆడం చిన్న క్లాసులు కొడైకెనాల్ కాన్వెంట్‌లో, తర్వాతి చదువు డార్జిలింగ్‌లో. టీనేజ్‌లో ఇంగ్లండ్ చేరాడు.

ఇక్కడ మన కెమికల్ బ్రాంచ్ వాళ్ళు కాలర్ ఎగరేసుకోవచ్చు. 1961లో అతను బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ నుంచి తీసుకున్నది కెమికల్ ఇంజనీరింగ్ డిగ్రీ. అమెరికాలో డెలావేర్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి, షెల్ కంపెనీలో చేరాడు. పెద్ద కంపెనీ పద్ధతులు అతనికి పడలేదు. బయటికొచ్చి మాన్యువల్స్ రాయడం మొదలుపెట్టాడు. మైక్రోప్రాసెసర్ అప్పుడప్పుడే పుట్టిన రోజులవి. చిప్ చేసేవాళ్ళకి దాని గురించి అర్థమయ్యేలా చెప్పడం రాదు, కొనేవాళ్ళకి అదేమిటో తెలీదు. ఆస్బోర్న్ మైక్రోకంప్యూటర్ల మీద పుస్తకం రాసి, సొంతంగా అచ్చు వేసుకుని అమ్మాడు. ఆ పబ్లిషింగ్ వ్యాపారాన్ని 1979లో మెక్‌గ్రా-హిల్ కొనేసింది.

ఆ డబ్బుతో ఊరుకోలేదు. అప్పటి కంప్యూటర్ కొనాలంటే మిషన్ ఒకచోట, మానిటర్ ఇంకోచోట, డిస్క్ డ్రైవ్ మరోచోట కొని, సాఫ్ట్‌వేర్‌కి మళ్ళీ విడిగా డబ్బు కట్టాలి. ఇవన్నీ ఒకే పెట్టెలో పెట్టి, పైన పిడి తగిలించి అమ్మాలన్నది అతని ఆలోచన. డిజైన్ పని లీ ఫెల్సెన్‌స్టైన్‌కి అప్పజెప్పాడు. 1981 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో కంప్యూటర్ ప్రదర్శనలో ఆస్బోర్న్-1 బయటికొచ్చింది. జెడ్-80 ప్రాసెసర్, 64 కిలోబైట్ల మెమరీ, రెండు ఫ్లాపీ డ్రైవ్‌లు, మధ్యలో 5 అంగుళాల బుల్లి తెర. కీబోర్డే పెట్టెకి మూత. బరువు దాదాపు 11 కిలోలు. వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్ లాంటి సాఫ్ట్‌వేర్ అంతా కలిపి 1,795 డాలర్లు.

చూపుకి సైన్యం సామానే. మరి లోపల?

మిలిటరీ గ్రేడ్ అనేది ఒక స్టాంపు కాదు, చాలా పరీక్షల కట్ట. చిప్ సంగతే తీసుకోండి. మామూలు కమర్షియల్ చిప్‌కి 0 నుంచి 70 డిగ్రీల వరకే హామీ. సైన్యానికి ఇచ్చేది మైనస్ 55 నుంచి 125 డిగ్రీల దాకా పనిచెయ్యాలి. అందుకని ప్లాస్టిక్‌కి బదులు ఎక్కువగా సిరామిక్ ప్యాకేజీ వాడతారు, పరీక్షలు చేసి వడపోస్తారు. ధర ఎక్కడికో వెళ్తుంది. మొత్తం పరికరానికైతే మిల్-స్టాండర్డ్-810 పరీక్షలు వేరే ఉన్నాయి: వేడి, తేమ, దుమ్ము, అదురు. మనుషులు మోసుకెళ్ళే సామానుకి డ్రాప్ టెస్ట్ అంటే 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు, మొత్తం 26 సార్లు పడెయ్యడం.

ఆస్బోర్న్-1లో ఇదేదీ లేదు. ఒళ్ళు ఏబీఎస్ ప్లాస్టిక్. లోపల బజార్లో దొరికే మామూలు చిప్‌లు, దుమ్ము పడితే మొరాయించే ఫ్లాపీ డ్రైవ్‌లు. లోపల బ్యాటరీ కూడా లేదు. ఎక్కడికి మోసుకెళ్ళినా గోడకి ప్లగ్ వెతుక్కోవాల్సిందే. ఇది మోసం కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయం. అన్నిట్లో గొప్పది అక్కర్లేదు, ఎక్కువమందికి సరిపోయేది తక్కువ ధరకి ఇస్తే చాలన్నది ఆస్బోర్న్ సిద్ధాంతం. దాన్ని దాచుకోలేదు కూడా. మరుసటి ఏడాది వచ్చిన గ్రిడ్ కంపాస్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. దానికి మెగ్నీషియం ఒళ్ళు, కదిలే భాగాల్లేని బబుల్ మెమరీ. నాసా వాళ్ళు స్పేస్ షటిల్‌లో తీసుకెళ్ళారు. ధర 8,150 డాలర్లు. ఆ డబ్బుకి నాలుగు ఆస్బోర్న్‌లు వచ్చి ఇంకా చిల్లర మిగులుతుంది. పైగా కంపాస్‌ని కూడా మొదట చేసింది సైన్యం కోసం కాదు, పెద్ద కంపెనీల అధికారుల కోసం.

మరి పాతవి ఇంకా ఎలా పనిచేస్తున్నాయంటారా? చచ్చినవి ఎప్పుడో తుక్కులోకి పోయాయి. మనకి కనిపించేవి బతికినవే. రెండోది, వాటిలో భాగాలు పెద్దవి, చాలా చిప్‌లు సాకెట్లో ఉంటాయి, సోల్డరింగ్ ఐరన్ ఉంటే మనలాంటి వాళ్ళు కూడా బాగుచెయ్యొచ్చు. బాగుచెయ్యడం తేలిక కావడం వేరు, గట్టిగా ఉండడం వేరు.

ఒక దశలో ఆస్బోర్న్-1 నెలకి 10,000 దాకా అమ్ముడుపోయింది. ఆ తర్వాత పతనం ఇంకా వేగంగా జరిగింది. కేప్రో అనే పోటీ కంపెనీ లోహపు పెట్టె, 9 అంగుళాల తెరతో దాదాపు అదే ధరకి దిగింది. ఇంకోపక్క ఐబీఎమ్ పీసీ దూసుకొచ్చింది. 1983 మొదట్లో ఆస్బోర్న్ తన కొత్త మోడల్ ఎగ్జిక్యూటివ్ గురించి ముందే చెప్పేశాడు. డీలర్లు పాతది కొనడం ఆపేశారు. ఆ సెప్టెంబర్‌లో కంపెనీ దివాలా. ఇప్పటికీ బిజినెస్ క్లాసుల్లో దీన్ని ఆస్బోర్న్ ఎఫెక్ట్ అని చెప్తారు. నా లెక్కలో తప్పు ఆ నోటిదొక్కటే కాదు. పోటీ అంతలా మీదికొచ్చాక నోరు మూసుకుని ఉన్నా పెద్దగా లాభం ఉండేది కాదు.

1984లో పేపర్‌బ్యాక్ సాఫ్ట్‌వేర్ పెట్టాడు. మళ్ళీ అదే సూత్రం, ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కి చవక ప్రత్యామ్నాయం. వాళ్ళ స్ప్రెడ్‌షీట్ తమ దానిలాగే ఉందని లోటస్ కంపెనీ 1987లో కోర్టుకెక్కింది. 1990లో తీర్పు లోటస్‌కే అనుకూలంగా వచ్చింది.

అప్పటికే ఆరోగ్యం పాడవసాగింది. మెదడులో చిన్న చిన్న స్ట్రోక్‌లు వరసగా వస్తూ మనిషిని మెల్లగా తినేశాయి. 1992లో ఇండియాకి తిరిగొచ్చి కొడైకెనాల్‌లో తోబుట్టువు దగ్గర ఉండిపోయాడు. చిన్నప్పుడు కాన్వెంట్‌కి వెళ్ళిన ఆ కొండ ఊళ్ళోనే 2003 మార్చి 18న, 64 ఏళ్ళ వయసులో చనిపోయాడు.